"ఇదేంటి?" తర్వాత ఏం అడగాలి: చిన్నపిల్లలకు పుస్తకంలో బొమ్మలు అర్థమయ్యేలా చేయడం ఎలా

మూడేళ్ల పిల్ల ముందు బొమ్మల పుస్తకం తెరవగానే పెద్దవాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఇదేంటి?". పిల్ల "కుక్క" అంటుంది. "వెరీ గుడ్" అని పేజీ తిప్పేస్తాం. "ఇదేంటి?" "చెట్టు." మళ్లీ పేజీ. కాసేపట్లో పుస్తకం అయిపోతుంది, పిల్లకు అన్నీ వచ్చేశాయని మనకు సంతోషం. కానీ ఆ కుక్క ఎందుకు పరిగెడుతోందో, చెట్టెక్కిన పిల్లి ఎవరిని చూసి భయపడుతోందో, అదే పిల్లి వెనక పేజీలో ఇంట్లో పడుకుని ఉందని పిల్ల పట్టుకుందో లేదో మనకు తెలియదు. అడగలేదు కాబట్టి.

బొమ్మలో ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, బొమ్మ చెబుతున్న సంగతి అర్థం చేసుకోవడం వేరు. మొదటిది పెద్దగా నేర్పకుండానే వస్తుంది. జూలియన్ హాక్‌బర్గ్, వర్జీనియా బ్రూక్స్ అనే పరిశోధకులు ఒక బిడ్డను దాదాపు 19 నెలల వయసు వచ్చేదాకా బొమ్మలు వీలైనంత తక్కువగా కంటపడేలా, ఏ బొమ్మకూ పేరు చెప్పకుండా పెంచి, తర్వాత గీతలతో వేసిన బొమ్మలు చూపించారు. తనకు తెలిసిన వస్తువుల్ని ఆ బిడ్డ గుర్తుపట్టేశాడు. 1962లో వాళ్లు ప్రచురించిన ఈ ఫలితాన్ని ఇప్పటికీ ప్రస్తావిస్తుంటారు. కాబట్టి గుర్తుపట్టడం గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు.

రెండోదానికే మన సాయం కావాలి. ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ 1908లో తయారుచేసిన తెలివి పరీక్షలో, పిల్లలకు బొమ్మ చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమనే అంశం ఒకటుంది. అందులో కనిపించే వస్తువుల పేర్లు వరసగా చెప్పడాన్ని వాళ్లు 3 ఏళ్ల మెట్టు మీద పెట్టారు. బొమ్మలో జరుగుతున్నది వర్ణించడాన్ని 7 ఏళ్ల మెట్టు మీద, బొమ్మ వెనకున్న అర్థం విప్పి చెప్పడాన్ని అంతకంటే చాలా పైన పెట్టారు. అయితే అవి ఎవరి సాయం లేకుండా పిల్లలు చేసే పనికి కొలతలు. పక్కన ఓపికగా కూర్చునే పెద్ద మనిషి ఉంటే నాలుగేళ్ల పిల్లలు కూడా వర్ణిస్తారు, ఊహిస్తారు, కారణాలు వెతుకుతారు. కింద చెప్పే అడుగులన్నీ పేర్ల దగ్గర ఆగకుండా సంగతి దాకా వెళ్లడం గురించే.

ముందుగా: పిల్లలకు ఏది అర్థం కాదో తెలుసుకోండి

బొమ్మల పుస్తకాల్లో మనం ఇట్టే అర్థం చేసుకునేవి చాలావరకు చిత్రకారులకూ పాఠకులకూ మధ్య కుదిరిన ఒప్పందాలు. పిల్లలకు ఆ ఒప్పందాలు ఎవరూ చెప్పలేదు.

పేజీ అంచు దగ్గర సగమే కనిపించే ఏనుగు ఉందనుకోండి. మిగతా సగం పేజీ బయట ఉందని మనకు తెలుసు. "దీని కాళ్లేవి? ఎవరు కోసేశారు?" అని అడిగే పిల్లలు ఉంటారు. అది అమాయకపు మాటలా అనిపిస్తుంది గానీ, బొమ్మ అనేది పెద్ద దృశ్యంలోంచి తీసుకున్న ఒక ముక్క అని ఇంకా తెలియని మనిషి అడగాల్సిన సరైన ప్రశ్న అదే.

సైజు ఇంకో చిక్కు. ఒక పేజీ నిండా చీమ ఉంటుంది, పక్క పేజీలో కొండ అంగుళం ఎత్తున ఉంటుంది. దగ్గరివి పెద్దగా, దూరంవి చిన్నగా కనిపిస్తాయన్న లెక్క బొమ్మల్లో పట్టుబడటానికి టైమ్ పడుతుంది.

కదలిక మరీ కష్టం. బొమ్మ కదలదు కాబట్టి పరుగును చూపించాలంటే చిత్రకారుడు రెండు పనులు చేస్తాడు. కాళ్లు ఎత్తి ముందుకు వంగిన భంగిమ వేస్తాడు, లేదంటే వెనక వేగం గీతలు గీస్తాడు. భంగిమను చిన్నపిల్లలు బాగానే పట్టుకుంటారు, వాళ్లూ అలాగే పరిగెడతారు కదా. వెనకున్న గీతలు మాత్రం వాళ్లకు దారాలో గడ్డిపరకలో అనిపిస్తాయి. అలాగే తల చుట్టూ తిరుగుతున్న చుక్కలు, నుదుటి మీద ఎగురుతున్న చెమట బొట్లు, బల్బు వెలిగినట్టు వేసిన ఐడియా గుర్తు. ఇవి చెబితే తప్ప తెలియవు.

అన్నిటికంటే ఎక్కువగా పెద్దల దృష్టికి రానిది ఇంకొకటి: ఒకే పాప మూడు పేజీల్లో మూడుసార్లు కనిపిస్తే ముగ్గురు పాపలున్నారని కొందరు పిల్లలు అనుకుంటారు. ఒకే పేజీలో ఒకే ఎలుక నాలుగు చోట్ల వేసి ఉంటే అయోమయం ఇంకా ఎక్కువ. వరసగా ఉన్న బొమ్మల్ని ఒక కథగా కలపడం నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మెల్లగా కుదురుతుంది. మూడేళ్లప్పుడు చాలామంది ఏ పేజీకి ఆ పేజీ విడి బొమ్మగానే చూస్తారు. కాబట్టి కథ మధ్యలో "తర్వాత ఏమైంది?" అని అడిగితే బిత్తరచూపులు చూసే పిల్లకు జ్ఞాపకం లేదని కాదు. అసలు ఆ రెండు పేజీలూ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని తెలియకపోవచ్చు.

మొదటి అడుగు: పుస్తకాన్ని ఎంచుకోవడం

రెండేళ్ల నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు ఫొటోలు గానీ, అసలు వస్తువుకు దగ్గరగా ఉండే బొమ్మలు గానీ ఉన్న పుస్తకాలు మేలు. పుస్తకంలో చూసినదాన్ని బయట నిజం వస్తువుతో పోల్చుకోవడం ఆ వయసులో బొమ్మ ఎంత వాస్తవంగా ఉంటే అంత తేలిక. నాలుగేళ్లు దాటాక ఎలాంటి శైలైనా ఫర్వాలేదు. కాగితం ముక్కలు అతికించినవి, నీటి రంగులు, ఒట్టి నల్లగీతలు, రకరకాలుగా కలిపి ఇవ్వండి. ఒక్క శైలికే అలవాటు పడితే మెరిసే రంగులు లేని పుస్తకాన్ని ముట్టరు.

తెరిచిన రెండు పేజీలకూ కలిపి ఒకే పెద్ద బొమ్మ ఉండే పుస్తకాలతో మొదలుపెట్టండి. ఎడమ పేజీలో ఒక బొమ్మ, కుడి పేజీలో ఇంకో బొమ్మ ఉంటే మీరు చదువుతున్న మాట ఏ బొమ్మదో పిల్లకు తెలియదు. 2018లో ప్రచురితమైన జో ఫ్లాక్, జెస్సికా హార్స్ట్‌ల అధ్యయనంలో, ఒకేసారి ఒక బొమ్మే కనిపించిన పిల్లలు కథలోని కొత్త మాటల్ని బాగా నేర్చుకున్నారు. రెండు బొమ్మలు కనిపించినవాళ్లు వెనకబడ్డారు. చదవబోయే పేజీ మీద చెయ్యి అలా ఒకసారి ఆడించి చూపిస్తే ఆ ఇబ్బంది తొలగిపోయింది. ఖర్చులేని చిట్కా. మీ దగ్గర ఇప్పటికే ఉన్న పుస్తకాల్లో రెండేసి బొమ్మలుంటే చదవని పేజీని ఒక కాగితంతో కప్పినా సరిపోతుంది.

మూతలు తెరిచేవి, లాగితే కదిలేవి, నిలబడే బొమ్మలున్న పుస్తకాల గురించి నా అభిప్రాయం చాలామంది తల్లిదండ్రులకు నచ్చకపోవచ్చు. అవి మంచి ఆటవస్తువులు. బొమ్మను అర్థం చేసుకోవడం నేర్పడానికి మాత్రం అంతగా పనికిరావు. పిల్ల ధ్యాసంతా మూత మీదే ఉంటుంది, మూత కింద ఏముందన్న దాని మీద ఉండదు. చిన్నపిల్లలు అలాంటి పుస్తకాల నుంచి కంటే మామూలు పుస్తకాల నుంచే కొత్త పేర్లు, సంగతులు బాగా నేర్చుకుంటారని పరిశోధనల్లోనూ తేలింది. ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, ఆ పుస్తకాన్ని ఆటల బుట్టలో పెట్టండి.

చొక్కాలు తొడుక్కుని మాట్లాడే జంతువుల కథలు సరదాగా ఉంటాయి, చదవండి. జంతువుల గురించి నిజంగా తెలియాలంటే మాత్రం జంతువును జంతువులా చూపించే పుస్తకం కూడా పక్కన ఒకటి ఉండాలి.

రెండో అడుగు: కూర్చోవడం, ఆగడం

పిల్ల ఒళ్లోనో పక్కనో కూర్చోవాలి, పుస్తకం ఇద్దరికీ నిటారుగా కనిపించాలి. ఎదురుగా కూర్చుని పుస్తకాన్ని తిప్పి చూపించడం తరగతిలో తప్పదేమో గానీ ఇంట్లో వద్దు, వేలు పెట్టి చూపించుకోవడం ఇద్దరికీ కుదరదు. పేజీలు తిప్పే పని పిల్లకే ఇవ్వండి. వెనక్కి తిప్పినా తిప్పనివ్వండి, అది మళ్లీ చూడాలన్న కోరిక.

ఇక అసలు విషయం. పిల్లలు పుస్తకం వింటున్నప్పుడు కళ్లు ఎక్కడ ఉంటాయో కెనడాలో మేరీ ఆన్ ఎవాన్స్, జాన్ సెంట్-ఆబిన్ కంటి కదలికల్ని కొలిచి చూశారు. 2005లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పిల్లల చూపు దాదాపు మొత్తం బొమ్మల మీదే, అక్షరాల మీద దాదాపు సున్నా. అంటే మీరు చదువుతున్నప్పుడు మీ పిల్ల చదువుతోంది బొమ్మను. మీరు వాక్యం పూర్తిచేసి పేజీ తిప్పేస్తే ఆమె చదువుతున్నది మధ్యలో లాక్కున్నట్టే.

అందుకని పేజీ తెరవగానే నోరు విప్పకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. ఆమె చూపు ఎటు పోతోందో చూడండి. ఏదో ఒకదాని మీద వేలు పెడుతుంది, లేదా ఒక మాట అంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీకు ముఖ్యం అనిపించిన సింహాన్ని వదిలేసి మూలనున్న నత్త దగ్గర ఆగితే, నత్తతోనే మొదలుపెట్టండి. సింహం ఎక్కడికీ పోదు.

మూడో అడుగు: చదవక ముందే బొమ్మల్లో ఒక షికారు

కొత్త పుస్తకమైతే మొదటిసారి అక్షరాలు చదవకుండా అట్ట నుంచి చివరి పేజీ దాకా బొమ్మలే చూసుకుంటూ వెళ్లండి. అట్ట మీద ఎవరున్నారు, వాళ్లు లోపల మళ్లీ కనిపిస్తారా అన్నది మొదటి వేట. ఇక్కడ కథ చెప్పేయొద్దు, ఊహించమనండి. తర్వాత మీరు కథ చదివినప్పుడు తను ఊహించినదానికీ అసలు కథకీ ఉన్న తేడా పిల్లకు భలే మజాగా ఉంటుంది. ఇదంతా అయిదు నిమిషాల పని. మధ్యలో విసుగొస్తే ఆపేయండి.

నాలుగో అడుగు: పరీక్ష పెట్టకుండా మాట్లాడటం

మనం అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం మనకు జవాబు తెలిసినవే. పిల్లలకూ ఆ సంగతి తెలుసు. అందుకే కాసేపటికి జవాబు చెప్పడం మానేస్తారు. దీనికి విరుగుడు, మీరు కూడా నిజంగా బొమ్మను చూడటం. "నాకు ఇది అర్థం కాలేదు", "ఇక్కడేదో ఉంది చూడు", "ఇతను ఎందుకిలా నిలబడ్డాడో" లాంటి మాటలు ప్రశ్నకంటే బాగా పనిచేస్తాయి.

ప్రశ్నలు అడగొద్దని కాదు. వాటికొక వరస ఉంది. ఏమిటి, ఎవరు, ఎక్కడ అన్నవాటికి మూడేళ్ల పిల్లలు తేలిగ్గా జవాబిస్తారు. ఏం చేస్తోంది అన్నది ఒక మెట్టు పైన. ఎలా, ఎందుకు అన్నవి ఇంకా పైన. ఎందుకు అని అడగాలనిపించినప్పుడల్లా "నీకెలా తెలిసింది?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్న పిల్లను బొమ్మ దగ్గరికే మళ్లీ పంపిస్తుంది, ఆధారం వేలు పెట్టి చూపించమంటుంది. "ఎందుకు" అంటే గాల్లో జవాబు వెతుక్కోవాలి.

ఒక పేజీ ఊహించుకుని చూద్దాం. ఇంటి లోపలి బొమ్మ. తలుపు దగ్గర వాలిన గొడుగు, దాని కింద నీళ్లు. నేల మీద బురద అడుగుల గుర్తులు మంచం కిందిదాకా. కిటికీ దగ్గర స్టూలెక్కి బయటికి చూస్తున్న పాప, ఒక కాలికే చెప్పు. మంచం కింద చీకట్లో రెండు మెరిసే చుక్కలు. పక్కన నాలుగేళ్ల పిల్లాడు, వాళ్లమ్మ.

"గొడుగు."
"అవును, గొడుగు. తడిసిపోయింది, నీళ్లు కారుతున్నాయి చూడు."
"వాన పడింది."
"వాన పడిందని నీకెలా తెలిసింది?"
"ఇక్కడ." కిటికీలో గీతల మీద వేలు.
"నిజమే, బయట ఇంకా పడుతోంది. నాన్నా, నేల మీద ఇవేంటో నాకు తెలియట్లేదు."
"మచ్చలు."
"ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో వేలు పెట్టి వెళ్దామా?"
వేలు తలుపు దగ్గర బయల్దేరి మంచం దగ్గర ఆగింది. "కళ్లు! పులి!"
"పులా! పులి అడుగు ఇంత చిన్నగా ఉంటుందా? పాప చెప్పు పక్కన పెట్టి చూడు."
"చిన్నది... కుక్కపిల్ల!"
"అయ్యుండొచ్చు. మరి పాప ఎటు చూస్తోంది?"
"బయటికి. కుక్కపిల్ల కోసం."
"అది మంచం కింద ఉందని పాపకి తెలుసా?"
"తెలీదు! మనకి తెలుసు!"

ఈ మాటల్లో అమ్మ ఒక్కసారి కూడా "తప్పు" అనలేదు. పులి అన్నప్పుడు అడుగుల సైజు దగ్గరికి తీసుకెళ్లింది, పిల్లాడే దిద్దుకున్నాడు. "గొడుగు" అన్న ఒక్క మాటను "గొడుగు తడిసిపోయింది" అని రెండు అంగలు పెంచింది. పిల్లలు అన్నదాన్ని ఒప్పుకుని, కొంచెం పెంచి, మళ్లీ వాళ్ల చేతే అనిపించే ఈ పద్ధతిని గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన ప్రయోగంలో పరీక్షించింది. తల్లిదండ్రులు ఇంట్లో నెల రోజులు ఇలా చదివితేనే ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతా పిల్లలకంటే స్పష్టంగా ముందున్నారు. ఆ ప్రయోగంలో పిల్లలు మూడేళ్ల లోపువాళ్లే.

ఇలా ప్రతి పేజీకీ చేయకండి. పుస్తకం మొత్తంలో రెండు మూడు పేజీల దగ్గర ఆగితే చాలు, మిగతావి కథలా సాగిపోవాలి. ప్రతి పేజీలోనూ ఆపి తవ్వితే కథ చచ్చిపోతుంది, పుస్తకం అంటేనే పారిపోతారు.

ఐదో అడుగు: మొహాలు, మనసులు

మొహంలో నోటి తీరు పిల్లలకు తేలిగ్గా తెలుస్తుంది. నవ్వితే సంతోషం, పెదాలు కిందికి వంగితే ఏడుపు. సంతోషం, బాధ, కోపం ముందుగా తెలుస్తాయి. భయం, ఆశ్చర్యం తర్వాత. సిగ్గు, గర్వం, అసూయ లాంటివి బడి వయసుదాకా సందేహమే. కాబట్టి "పాపకి ఎలా అనిపిస్తోంది?" అని నేరుగా అడిగితే "బాగుంది" అనో "ఏడుస్తోంది" అనో వచ్చి ఆగిపోతుంది.

దానికి బదులు ఒంటితో చేయించండి. "పాప భుజాలు ఎలా పెట్టిందో నువ్వూ అలా పెట్టు." "ఈ తాతయ్య కనుబొమలు నువ్వు పెట్టగలవా?" ఆ భంగిమలోకి వెళ్లాక ఎలా ఉందని అడగండి. చేతులు, భుజాలు, ఎవరు ఎవరికి ఎంత దూరంగా నిలబడ్డారు, ఎవరి చూపు ఎటు ఉంది, ఇవన్నీ మనసును చెప్పేవే. నన్నడిగితే చూపు ఎటుందో వెతకడం వీటిలోకెల్లా మంచి ఆట. బొమ్మలో ఒక్కొక్కరి కళ్ల నుంచి వేలితో గీత గీసుకుంటూ వెళ్లి, వాళ్లు చూస్తున్న వస్తువు దగ్గర ఆగండి. సగం పుస్తకాల్లో కథంతా అక్కడే దొరుకుతుంది.

పైన మంచం కింది కుక్కపిల్ల సంగతిలో ఉన్న చిక్కు, మనకు తెలిసింది కథలో పాపకు తెలియదన్నది, మూడేళ్ల పిల్లల్లో చాలామందికి అందదు. "కుక్కపిల్ల ఎక్కడుందని పాప అనుకుంటోంది?" అని మూడేళ్ల పిల్లను అడిగితే "మంచం కింద" అనే అంటుంది, తనకు తెలుసు కాబట్టి. నాలుగు దాటి అయిదుకు వెళ్లేలోపు ఎక్కువమందికి ఇది తెలుస్తుంది. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ చేసిన ప్రయోగం నుంచి ఇలాంటి ప్రశ్న పిల్లల ఎదుగుదలను అధ్యయనం చేసేవాళ్లకు పాఠంలా మారింది. అందుకని మూడేళ్లకు రాకపోతే వదిలేయండి, ఆర్నెల్ల తర్వాత అదే పేజీ దగ్గర మళ్లీ అడగండి.

తల పైన మబ్బులా వేసి లోపల ఇంకో బొమ్మ పెట్టే ఆలోచనల బుడగ చూడటానికి కష్టంగా ఉంటుంది గానీ, ఒక్కసారి "ఇది ఇతను మనసులో అనుకుంటున్నది" అని చెబితే మూడు, నాలుగేళ్ల పిల్లలు కూడా పట్టేస్తారు. మాటల బుడగకు తోక ఉంటుందని, ఆ తోక ఎవరివైపు ఉంటే మాట వాళ్లదని చూపించండి.

ఆరో అడుగు: బొమ్మకూ బొమ్మకూ ముడివేయడం

ముందు ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తున్నాడని రూఢి చేయండి. "ఇందాకటి పాపే ఈ పాప. ఎలా తెలిసింది? అదే ఎర్ర గౌను, అవే రెండు జడలు." పేజీ వెనక్కి తిప్పి పోల్చండి, మళ్లీ ముందుకు రండి. కథలో పాప బట్టలు మార్చుకున్నా, వెనక నుంచి కనిపించినా, నీడ ఒక్కటే కనిపించినా ఆగి అడగండి, "ఎవరిది?"

తర్వాత మార్పు వెతకండి. వెనక పేజీకీ ఈ పేజీకీ ఏం మారింది? వెలుతురు తగ్గిందా, చెట్టు ఆకులు రాలాయా, నిండు గ్లాసు ఖాళీ అయిందా? రెండు బొమ్మల మధ్య జరిగింది ఏ బొమ్మలోనూ ఉండదు. గ్లాసు ఎవరు ఖాళీ చేశారన్నది ఎక్కడా వేయలేదు. ఆ ఖాళీని పిల్లే నింపాలి. కథ అర్థమవడం అంటే చాలావరకు ఇదే.

మాటలు లేని పుస్తకాలు ఈ పనికి బ్రహ్మాండంగా ఉంటాయి. చాలామంది పెద్దవాళ్లు వీటిని కొనరు, చదవడానికేమీ లేదు కదా అని. చదివేదంతా అక్కడే ఉంది. ఒకసారి మీరు చెప్పండి, తర్వాత పిల్ల చెబితే మీరు వినండి. ఆమె కథ మీ కథలా ఉండక్కర్లేదు. ఎడమ నుంచి కుడికి బొమ్మల వరస మాత్రం మీరు చెప్పేటప్పుడు వేలితో చూపిస్తూ ఉండండి.

కొంచెం పెద్ద పిల్లలకైతే ఇంకో పని. పాతబడి చిరిగిన పుస్తకంలోంచి మూడు బొమ్మలు కత్తిరించి కలిపేసి, వరసలో పెట్టమనండి. ఒక్కోసారి మనం అనుకోని వరస పెట్టి దానికీ కథ చెబుతారు. ఒప్పుకోవాల్సిందే.

ఏడో అడుగు: ఒప్పందాలను చేత్తో చూపించడం

మాటలతో చెప్పే బదులు చేసి చూపిస్తే ఇవి తొందరగా ఎక్కుతాయి.

కోసేసిన ఏనుగు కోసం: ఒక అట్టముక్కలో చిన్న చతురస్రం కత్తిరించండి. దాన్ని కిటికీలా పట్టుకుని గదంతా తిరిగి చూడనివ్వండి. కుర్చీ సగమే కనిపిస్తుంది, అట్ట పక్కకు జరిపితే మిగతా సగం వస్తుంది. తర్వాత అదే అట్టను పుస్తకంలోని బొమ్మ మీద పెట్టి జరపండి. పేజీ అంచు కూడా అలాంటి కిటికీ అంచే అని అప్పుడు చెప్పండి.

దూరం కోసం: ఆరుబయట ఒకరు దూరంగా నడుచుకుంటూ వెళ్లాలి, పిల్ల ఒక కన్ను మూసి వేలూ బొటనవేలూ మధ్య వాళ్లను "పట్టుకోవాలి". మనిషి చిటికెన వేలంత అయిపోవడం పిల్లలకు మహా తమాషా.

వేగం గీతల కోసం: బంతి బొమ్మ గీయండి. ఇది ఆగి ఉంది. అలాంటిదే ఇంకోటి గీసి వెనక మూడు గీతలు పెట్టండి. ఇది దొర్లుతోంది. ఎటు దొర్లుతోంది? ఇప్పుడు పెన్సిల్ పిల్లకివ్వండి. గీతలు తనే పెట్టిన పిల్లకు పుస్తకంలో గీతలు మళ్లీ దారాల్లా కనిపించవు.

బొమ్మ నిజం వస్తువుకు గుర్తు అన్న సంగతికే ఒక ఆట ఉంది. రెండున్నరేళ్ల నుంచి మొదలుపెట్టొచ్చు. గదిలో ఒక ఆటవస్తువు దాచండి. గది ఫొటో తీసి ఉంచుకుని, "ఇక్కడ దాక్కుంది" అని ఫొటోలో దిండును చూపించి వెతకమనండి. మనస్తత్వ పరిశోధకురాలు జూడీ డెలోచ్ చేసిన ఇలాంటి ప్రయోగాల్లో రెండేళ్ల పిల్లలు ఫొటో చూసి కూడా వెతకలేకపోయారు, రెండున్నరేళ్ల వాళ్లు నేరుగా వెళ్లి తెచ్చారు. ఆ ఆర్నెల్లలో ఎంత తేడా! ఆమె బృందమే 9 నెలల పిల్లలకు వస్తువుల ఫొటోలిస్తే వాటిని కాగితం మీద నుంచి పీకి తీసుకోబోయారు. 19 నెలలకు పీకడం మాని వేలు పెట్టి చూపించడం మొదలైంది.

ఎనిమిదో అడుగు: అదే పుస్తకం మళ్లీ

"మళ్లీ అదే" అంటే విసుక్కోకండి. 2011లో జెస్సికా హార్స్ట్ బృందం మూడేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఒకే కథను పదేపదే విన్నవాళ్లు కొత్త మాటల్ని బాగా గుర్తుంచుకున్నారు. అవే మాటల్ని అన్నేసిసార్లు వేర్వేరు కథల్లో విన్నవాళ్లు అంత గుర్తుంచుకోలేదు. బొమ్మల విషయంలోనూ అంతే అని నా నమ్మకం. మొదటిసారి హీరోను చూస్తారు, మూడోసారికి నత్తను, ఏడోసారికి గోడ మీద ఫొటోలో ఉన్నది ఎవరో కనిపెడతారు. మీరు మాత్రం ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి చూడండి: ఈసారి రంగులు, ఇంకోసారి నీడలు, మరోసారి ఎవరు ఎవరి వంక చూస్తున్నారో.

తరగతిలో అయితే

ఇరవై మంది ముందు పుస్తకం పైకెత్తి చూపిస్తే వెనక కూర్చున్నవాళ్లకు బొమ్మలో చిన్న వివరాలేవీ కనిపించవు. కథ వింటారు, అంతే. పెద్ద సైజు పుస్తకం దొరికితే సరే, లేకపోతే కథ అందరికీ ఒకసారి చదివేసి, బొమ్మల మాటలు నలుగురైదుగురి గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించండి. మిగతావాళ్లు ఆ టైమ్‌లో అదే కథలో తమకు నచ్చిన పేజీని గుర్తున్నంత మేర గీయొచ్చు. గీసినదాన్ని పుస్తకంతో పోల్చి చూసినప్పుడు "అయ్యో, కుక్కపిల్లకి తోక మర్చిపోయా" అని వాళ్లే అంటారు. ఎప్పుడూ చెయ్యెత్తే ఇద్దరి చేత కాకుండా మాట్లాడని పిల్లల చేత వేలు పెట్టించండి. వేలితో చూపించడమూ జవాబే.

కుదరనప్పుడు

పిల్ల లేచి వెళ్లిపోతే పుస్తకం మూసేయండి. ఆ రోజుకి అంతే. పుస్తకం బారెడు పొడుగు ఉండొచ్చు, పడుకునే టైమ్ అయ్యుండొచ్చు, లేదా మన ప్రశ్నలు ఎక్కువై ఉండొచ్చు. మూడోది అని అనుమానం వస్తే రేపు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చదివి చూడండి. రెండు భాషలున్న ఇళ్లలో పుస్తకం ఏ భాషదైనా, బొమ్మల గురించి మాట్లాడటం పిల్లకు బాగా వచ్చిన భాషలోనే చేయండి.

పుస్తకాన్ని మరీ మొహం దగ్గరికి తెచ్చుకున్నా, తల ఒక పక్కకు వంచి చూస్తున్నా, ఒక కన్ను మూసుకుంటున్నా కంటి డాక్టరుకు చూపించండి. చిన్నపిల్లలకు తమకు సరిగ్గా కనిపించట్లేదని తెలియదు, చెప్పరు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని ఎప్పుడూ కలిపేసే మగపిల్లాడైతే ఆ సంగతి కూడా డాక్టరుతో అనండి. ఆ రంగుల తేడా తెలియకపోవడం అబ్బాయిల్లో ఎక్కువ. "ఎర్ర టోపీ వాడెవడు?" అన్న ప్రశ్నకు జవాబు రాకపోతే అది అర్థం కాకపోవడం కాదు, టోపీ రంగు కనిపించకపోవడం కావచ్చు. మూడేళ్లు వచ్చినా మీరు చూపించిన బొమ్మవైపు చూడకపోయినా, తనకు నచ్చిన బొమ్మను మీకు చూపించాలన్న ఆరాటం అసలు లేకపోయినా, మాటలు రెండు మూడు కలిపి అనలేకపోతున్నా పిల్లల డాక్టరును ఒకసారి అడగండి. వెళ్లేటప్పుడు ఇంట్లో బాగా చూసే పుస్తకం ఒకటి వెంట తీసుకెళ్లండి. పిల్ల దాన్ని ఎలా చూస్తుందో, మీతో ఏం పంచుకుంటుందో డాక్టరు స్వయంగా చూడొచ్చు.